వారం రోజులు లోపలికి రాకూడదు

"నాన్నా, ఆయన్ని అడుగు, కూర ఇంకాస్త వెయ్యాలా అని."

ఆయన ఎదురుగానే కూర్చున్నాడు. ఆమె చేతిలో గరిటె ఉంది. గరిటెకీ పళ్లేనికీ మధ్య జానెడు దూరం. అయినా మాట మాత్రం పక్కనున్న ముసలాయన చుట్టూ తిరిగి రావాల్సిందే.

ముసలాయన ఆమె తండ్రి. నాలుగు నెలల కిందటి దాకా దర్జీ. ఇప్పుడు ఎడమ చెయ్యీ ఎడమ కాలూ చెప్పిన మాట వినడం మానేశాయి. నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు.

"అల్లుడూ, కూర వెయ్యమంటావా అని అడుగుతోంది మా అమ్మాయి."

"వినపడింది మామయ్యా."

"వినపడిందటమ్మా."

"వెయ్యమన్నారా, వద్దన్నారా?"

"వద్దు," అన్నాడతను, ముసలాయన అందుకోకముందే.

"వద్దట. పొద్దుట్నుంచీ ఇది పదో కబురు నాకు. ఈ పనికి పోస్టాఫీసులో చేరినా ఈపాటికి ఓ సైకిలు ఇచ్చుండేవాళ్లు."

గరిటె గిన్నెలోకి వెళ్లిపోయింది. ఆమె పైట సర్దుకుని, సంచీ భుజాన వేసుకుని, డ్యూటీకి వెళ్తున్నానని తండ్రికి చెప్పి, చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. అతను తలెత్తాడు. ఆమె ఆగింది చెప్పు సరిచేసుకోవడానికే.

సోమవారం సాయంత్రం నుంచీ ఇదే తంతు. ఇవాళ బుధవారం. తిట్టదు, ఏడవదు, పళ్లెం విసిరికొట్టదు. తిడితే ఏదో ఒకటి తిరిగి అనొచ్చు. అలవాటైన పనే. ఈ మౌనానికి ఏమని బదులు చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

పేటలో అందరూ అతన్ని హాలాయన అంటారు. షటిల్ హాలు తాళాలు పంతొమ్మిదేళ్లుగా అతని నడుముకే వేలాడుతున్నాయి. లోపల చెక్క నేల, మూడు కోర్టులు, పైన రేకుల కప్పు. పేటలో ఉన్న అందరి కోసం మున్సిపాలిటీ కట్టిందని గోడకున్న రాతిపలక మీద పెద్దక్షరాలతో చెక్కి ఉంటుంది. రాళ్లకేం, ఏం చెక్కినా ఊరుకుంటాయి. ఆడేది ఆరుగురు. పొద్దున ఆరింటికి వచ్చి, ఏడున్నరకి చెమట తుడుచుకుని, కార్లెక్కి వెళ్లిపోతారు. ఆ తర్వాత మర్నాటి దాకా ఆ నేల మీద తిరిగేవి రెండే. ఒకటి హాలాయన తుడుపుగుడ్డ. రెండు, కిటికీలోంచి పడే ఎండ.

ఆమె పని చేసేది ఆసుపత్రిలో నడక నేర్పే గదిలో. కాళ్లు పడిపోయినవాళ్లు, మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు, రోజుకి పాతికమంది బెంచీల మీద వంతు కోసం కూర్చుంటారు. అక్కడున్నది రెండు ఇనుప కడ్డీలు, వాటి మధ్య ఆరడుగుల దారి. మనిషికి పది నిమిషాలు, అదీ వారానికోసారి. పదేళ్లు చూసింది. ఈ ఏడు తండ్రి కూడా ఆ బెంచీ మీద కూర్చున్నాక, ఇక చూడలేక అర్జీ రాయించింది. ముప్పై ఎనిమిది సంతకాలు, వేలిముద్రలు. ఆడేవాళ్ల వేళ ముట్టుకోం, పగలు హాలు తెరవండి, నడవాల్సిన వాళ్లని నడవనివ్వండి, అని.

మున్సిపల్ ఆఫీసు మేడమ్ చదివింది. "గురువారం పది నుంచి పన్నెండు దాకా నడిపించి చూపించండి. కుదిరితే ఇస్తాను. కుదరకపోతే ఈ కాగితం మళ్లీ నా బల్ల మీదకి రాకూడదు," అంది.

సోమవారం మధ్యాహ్నం హాలాయన నేలకి వార్నిష్ వేశాడు.

ఏటా వేసేదే. కాకపోతే వానలు పూర్తిగా వెళ్లాక వేస్తాడు. ఈసారి రెండు నెలలు ముందొచ్చింది. తలుపుకి అట్ట కట్టాడు: 'వార్నిష్ వేశాం. వారం రోజులు లోపలికి రాకూడదు.' ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఉసిగొల్పలేదు. తనంతట తానే వేశాడు.

అసలు సంగతి ఏంటంటే, వార్నిష్ వేసిన మర్నాడే పొడి కాళ్లతో నేల మీద నడవొచ్చు. వారం అనేది బూట్లకీ ఆటకీ. ఇది ఆడే ఆరుగురికీ తెలీదు, ఆఫీసు మేడమ్‌కీ తెలీదు. తెలిసింది ఇద్దరికే. ఒకరు వేసినవాడు. రెండో మనిషి, ఏటా ఆ మర్నాడు మొగుడు సాక్సులు తొడుక్కుని మూల మూలా నడిచి చూసుకుంటుంటే, టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆవిడ.

ఆఫీసుకెళ్లి ఆమె ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెబితే అతని ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే అర్జీ పోతుంది. ఆ రెంటి మధ్యా నిలబడి ఆమె నోరు మూసుకుంది. అతను తెరుస్తాడని.

*

ఆమె వెళ్లాక ముసలాయన కుర్చీలోంచి లేచాడు. లేవడానికే రెండు నిమిషాలు. వసారా గోడ పట్టుకుని నడక మొదలుపెట్టాడు. కుడి కాలు పడుతుంది, ఎడమ కాలు ఈడుస్తుంది. పదకొండు అడుగులకి గోడ అయిపోతుంది. తిరగాలి. తిరగడమే గండం. అక్కడే రెండుసార్లు పడ్డాడు.

హాలాయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"మూడున్నర గజాలు," అన్నాడు ముసలాయన, గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటూ. "ఈ వసారా. టేపు వేసి కొలిచినట్టు చెప్తున్నా. ఓ కోటుకి సరిపోతుంది. నాకు చాలట్లేదు."

"వీధిలో నడవకూడదా మామయ్యా, నేను పట్టుకుంటాగా."

"మీ వీధిలో కాళ్లున్నవాళ్లే పడుతున్నారు."

మళ్లీ నడిచాడు. మళ్లీ ఆగాడు.

"అల్లుడూ, నేనూ చేసేవాణ్ణి ఇలాంటి పని."

"ఏం పని?"

"మొహం నచ్చని గిరాకీ వచ్చాడనుకో. చొక్కా అప్పటికే కుట్టేసి మేకుకి వేలాడుతుంటుంది. అయినా చెప్పేవాణ్ణి, కాజాలు మిగిలాయండీ, వారం పడుతుంది, అని. వాడు నోరు మూసుకుని వెళ్లిపోయేవాడు. కాజాలకి ఎంతసేపు పడుతుందో వాడికేం తెలుసు?"

హాలాయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"భలే సుఖంగా ఉండేదిలే," అన్నాడు ముసలాయన. "వారం ఆగితే చొక్కాకొచ్చే నష్టమేం లేదు. వారం తర్వాతా అదే చొక్కా. డాక్టరు నా కాలి గురించి ఏమన్నాడో విన్నావుగా? ఆరు నెలల్లోపు వచ్చిందే వచ్చినట్టు, ఆ తర్వాత పెద్దగా రాదన్నాడు. అందులో నాలుగు నెలలు ఈ గోడ పట్టుకోవడానికే సరిపోయాయి."

"నేల మీద గీతలు పడతాయి మామయ్యా. ఆ పట్టుకుని నడిచే ఇనుప స్టాండ్లూ, చక్రాల కుర్చీలూ... పంతొమ్మిదేళ్లు."

"పడతాయి. నేను కాదన్నానా?"

అదే తంటా ఆ ముసలాయనతో. కాదంటే గొడవ పడొచ్చు.

*

హాలాయన చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. హాలు కట్టేటప్పుడు కూలీగా చెక్కలు మోశాడు. పరిచేవాళ్లు వెళ్లిపోయారు, అతను ఉండిపోయాడు. ఏ చెక్క ఎక్కడ కిర్రుమంటుందో, ఏ మూల వానాకాలం ఉబ్బుతుందో, అంతా అతనికి అరికాలితో తెలుసు. డాక్టర్లు, లాయర్లు, కాంట్రాక్టర్లు, వీధిలో కనపడితే మొహం తిప్పుకునేవాళ్లు, ఆ గుమ్మం దగ్గరకొచ్చేసరికి "బూట్లు మార్చుకోండి సార్" అని అతనంటే ఒంగి మార్చుకుంటారు. చదువుకున్నవాళ్లు అతని మాట వినే చోటు లోకంలో అదొక్కటే. దాన్ని నలుగురికీ తెరవమంటే, అతనికి నాలుగు గీతల బాధ కాదు. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోగలడా? పెళ్లానికి చెప్పుకోగలడా?

మధ్యాహ్నం హాలుకి ఆటగాళ్ల కమిటీ సెక్రటరీ వచ్చాడు. పళ్ల డాక్టరు. ఆరుగురిలో ఈయనదే పెత్తనం.

"నువ్వు మా మనిషివోయ్," అంటూ భుజం తట్టాడు. "ఇంత తెలివి నీకుందని ఇన్నాళ్లూ తెలీలేదు. రేపు మేడమ్ అడిగితే ఒక్కటే మాట. వారం. అంతే. మిగతాది నేను చూసుకుంటాను."

"సరే సార్."

"ఇదిగో, దీని మీద ఓ సంతకం పడెయ్. వార్నిష్ వెయ్యాలని నెల కిందటే కమిటీ అనుకున్నట్టు రాశాం."

"నెల కిందటా? అప్పుడు మనం అనుకోలేదుగా సార్."

"అనుకున్నట్టే."

"చదివి పెడతాను సార్."

డాక్టరు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. పసిపిల్లాడు కత్తెర అడిగితే నవ్వినట్టు. "నువ్వు చదివేదేంటోయ్!"

హాలాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అన్నట్టు, నా తువ్వాలు లోపల వదిలేశాను, తలుపు తియ్యి," అన్నాడు డాక్టరు. తలుపు తీయగానే నడిచి వెళ్లిపోయాడు. తోలు బూట్లతో. మధ్య కోర్టు మీదుగా.

"సార్, బూట్లు! ఇంకా గట్టిపడలేదు..."

"ఒక్క నిమిషమేగా. మనకి పర్లేదులే."

వెళ్లాడు, తువ్వాలు తీసుకున్నాడు, అదే దారిన వచ్చాడు, చెయ్యి ఊపి కారెక్కాడు.

హాలాయన మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. పధ్నాలుగు మడమ గుర్తులు. పొడి గుడ్డతో రుద్దాడు. పోలేదు. అద్దం మీద వేలిముద్రల్లా కాదు ఇవి, లోపలికి దిగాయి. వాటిని తీయాలంటే ఆ చెక్కలన్నీ గీకి మళ్లీ మొదట్నుంచీ రావాలి.

ముప్పై ఎనిమిది మందిని ఆపి ఈయన కోసం కాపాడాడు ఈ నేలని.

సాయంత్రం ఇంటికెళ్లాడు. ఆమె పక్కగదిలో రేపు వచ్చేవాళ్ల పేర్ల కాగితం తండ్రికి చదివి వినిపిస్తోంది. తలుపు వేసున్న హాలుకే రమ్మని అందరికీ చెప్పిందన్నమాట. అతను గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. డాక్టరు బూట్ల సంగతి చెబుదామనిపించింది. చెబితే ఆమె ఏమంటుందో ఊహించుకుని, నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

*

గురువారం పదింటికి హాలు ముందు ముప్పై మంది దాకా చేరారు. నాలుగు చక్రాల కుర్చీలు. చేతికర్రలు, ఇనుప స్టాండ్లు, తోడొచ్చిన కోడళ్లు, కొడుకులు. ఓ బస్సు కండక్టరు, కుడి కాలికి కొత్త మోకాలు, "రైట్ రైట్" అంటూ అందర్నీ మెట్టెక్కిస్తున్నాడు. ముసలాయన గోడకి ఆనుకుని, వచ్చినవాళ్ల చొక్కాల కుట్టు ఎంత అన్యాయంగా ఉందో పక్కవాళ్లకి చెబుతున్నాడు.

మేడమ్ వచ్చింది. యాభై దాటిన మనిషి, మెడలో కళ్లజోడు గొలుసు. తలుపుకున్న అట్ట చదివింది.

"ఏంటమ్మా ఇది?"

ఆమె అట్ట వంకే చూస్తోంది, మొగుడి వంక కాదు.

డాక్టరు ముందుకొచ్చాడు. "నెల కిందటే అనుకున్న పని మేడమ్. మాకూ బాధగానే ఉంది. నేల ఆరాలి కదా. వారం పడుతుంది. మా మనిషినే అడగండి."

"వారమా?" అంది మేడమ్, హాలాయన వైపు తిరిగి.

అతను అట్ట వైపు చెయ్యి చూపించాడు. "వార్నిష్ అండీ," అన్నాడు. అదీ జవాబే అనుకుంది మేడమ్.

"నాకు ఇంకో గురువారం లేదమ్మా," అంది ఆమెతో, పెన్ను మూత తీస్తూ. "చూడటానికి కుదరలేదని రాసేస్తాను. తర్వాత మీ ఇష్టం."

ఆమె చేతిలోని పేర్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. అయిదో మడత పడలేదు. కండక్టరు అరుపులు ఆపేశాడు. ఎవరో చక్రాల కుర్చీని అప్పుడే వెనక్కి తిప్పుతున్నారు.

"బూట్లకండి," అన్నాడు హాలాయన.

"ఏంటి?"

"వారం అనేది బూట్లకండి. పొడి కాళ్లకి ఒక రోజు చాలు. నేల మంగళవారమే ఆరిపోయింది."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "వీడికి సరిగా తెలీదు మేడమ్..."

"నాకు తెలుసు సార్. ఈ ఊళ్లో నాకు తెలిసింది అదొక్కటే." జేబులోంచి కాగితం తీశాడు. "ఇది నిన్న మధ్యాహ్నం తెచ్చి సంతకం పెట్టమన్నారండి. నెల కిందట ఎవరూ ఏమీ అనుకోలేదు."

మేడమ్ కాగితం చదివింది. తేదీ చూసింది. డాక్టరు వంక చూడలేదు, అది చాలు.

"మరి అట్ట మీద అలా ఎందుకు రాశారు?"

"రానివ్వకూడదనండి," అన్నాడు హాలాయన. గొంతు మామూలుగానే వచ్చింది. అందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. "వార్నిష్ వేసిందీ అందుకే. నేనే వేశాను. ఎవరూ చెప్పలేదు."

డాక్టరు కారు తాళం వెతుక్కున్నాడు.

హాలాయన తలుపు తీశాడు. లోపల ఎండ మూడు పలకలుగా పడి ఉంది. "చెప్పులు బయట. కాళ్లు పొడిగా తుడుచుకోండి," అని కేకేశాడు. పంతొమ్మిదేళ్ల అలవాటు. అందరూ విన్నారు. కాంట్రాక్టర్ల కంటే బుద్ధిగా విన్నారు. స్టాండ్ల కాళ్ల దగ్గర అతనాగిపోయాడు. ఒక్క క్షణమే. తుడుపుగుడ్డ తెచ్చి, అంచు పళ్లతో కొరికి, పర్రున చింపి, ఒక్కో ఇనుప కాలికీ చుట్టి ముడేశాడు. ఒక గుడ్డ చాలలేదు. రెండోదీ చింపాడు.

ముసలాయన గోడ వదిలాడు. కూతురు చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. కుడి కాలు, ఎడమ కాలు. పదకొండు. తిరగక్కర్లేదు. పన్నెండు, పదమూడు. ఇరవై దాటాక మధ్యలో ఆగి, ఎదురుగా ఇంకా మిగిలి ఉన్న నేలని చూశాడు.

"ఏమ్మా, ఇదెక్కడిదాకా?" అన్నాడు.

"వెళ్లు నాన్నా. ఇంకా ఉంది."

మేడమ్ గంటన్నర నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. తనూ చెప్పులు విప్పి, ఒకావిడ మోచెయ్యి పట్టుకుని, గోడ దాకా వెళ్లి వచ్చింది. పన్నెండు కాకుండానే బయటికొచ్చి, మూడు నెలలు పగలంతా హాలు తెరవాలని రాసి, ఆమె చేత సంతకం పెట్టించింది. లోపల్నుంచి కండక్టరు "రైట్!" అన్నాడు.

హాలాయన గుమ్మంలో నిలబడే ఉన్నాడు.

"ఇంకో సంగతి మిగిలింది," అంది మేడమ్. "జనాన్ని రానివ్వకూడదని అబద్ధం రాసిన మనిషి చేతిలో తాళాలు ఉంచమని నేను రాయలేను. అలాగని ఆ నేల చూశాక, తీసెయ్యమని రాయడానికీ మనసొప్పట్లేదు. పగలంతా ఇక్కడ ఉండాల్సింది మీరు. మీరే చెప్పండమ్మా. మీకు ఈయన తెలుసా?"

"తెలుసండి," అంది ఆమె. "ఇరవై రెండేళ్లుగా."

మేడమ్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. కళ్లజోడు తీసి మెడలో వేలాడదీసింది.

"ఓహో. అయితే ఇంకా బాగా చెప్పగలరు. ఉంచాలా, వద్దా?"

హాలాయన ఆమె మొహం చూశాడు. మూడు రోజుల తర్వాత ఆమె కూడా అతన్ని చూసింది. కోపంగా ఉంటుందనుకున్నాడు. కోపం లేదు. అలిసిపోయి ఉంది, అంతే.

"అబద్ధం సంగతి వదిలెయ్యండి. ఒప్పుకున్నారు," అంది, మాట మాత్రం మేడమ్‌తోనే. "మా నాన్న మూడు రోజులు వసారాలో గోడ పట్టుకుని తిరిగాడండి. ఈయన ఎదురుగా కుర్చీలో కూర్చుని చూశారు. ఇక్కడ హాలు ఖాళీ. నేల ఆరిపోయింది. అది తెలిసీ చూశారు. ఎలా చూడగలిగారో నాకు చెప్పమనండి. అది విన్నాక చెప్తాను, ఉంచాలో వద్దో."

నేల గురించి ఎన్ని మాటలైనా ఉన్నాయి అతని దగ్గర. ఈ ప్రశ్నకి ఒక్కటీ పనికి రాలేదు.

మేడమ్ చెయ్యి చాపింది. అతను నడుము నుంచి తాళాల గుత్తి విప్పి ఇచ్చాడు. ఆమె దాన్ని అక్కడికక్కడే అతని భార్య చేతిలో పెట్టింది.

"రేపు పదింటికి ఆఫీసులో చెప్పండి," అంది మెట్లు దిగుతూ.

ఎవరు చెప్పాలో అనలేదు. తాళాలు పట్టుకున్న మనిషి అప్పటికే లోపలికి వెళ్లిపోయింది, గోడ దాకా వెళ్లి తిరగడం చేతకాక నిలబడిపోయిన తండ్రి దగ్గరికి.